సిటీ లైట్స్ పూలమ్మాయి బాణీ, దాన్ని కట్టిన హోసే పదియా: ఏ రికార్డుతో మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి మూడు. చాప్లిన్ 'సిటీ లైట్స్'లో కళ్లు లేని పూలమ్మాయి కనిపించినప్పుడల్లా వచ్చే ఆ బాణీ ఎవరిది? ఆయన పాటల పాత రికార్డులు ఏ వరసలో వినాలి? మీ అమ్మాయి ఆ బాణీని వయొలిన్ మీద వాయిస్తే యూట్యూబ్‌లో పెట్టొచ్చా?

మొదటిదానికి జవాబు చిన్నదే. ఆ పాట పేరు 'లా వియోలెతేరా', అంటే వయొలెట్ పూలు అమ్మే పిల్ల. బాణీ కట్టింది స్పెయిన్‌కి చెందిన హోసే పదియా. సినిమా టైటిల్స్‌లో సంగీతం చాప్లిన్‌దని ఉంటుంది. చాలావరకు అది నిజమే, కానీ ఈ ఒక్క బాణీ మాత్రం ఆయనది కాదు. 1914 నాటి పాటని 1931 సినిమాలో పదియా పేరు వేయకుండా వాడుకున్నారు. పదియా పారిస్ కోర్టుకి వెళ్లి కేసు గెలిచాడు. ఆ సంగతి కింద మళ్లీ చెబుతాను.

రెండో ప్రశ్నకి వచ్చేముందు ఒక మాట. నేను మొదట మన నాటక పద్యాల గ్రామఫోన్ ప్లేట్లు పోగుచేసేవాణ్ణి. అక్కణ్ణుంచి పాత యూరప్ పాటల మీదికి పోయాను. పదియా విషయంలో కొత్తవాళ్లు తరచూ చేసేది ఏమిటంటే, ఆయన పేరు కొట్టి 'బెస్ట్ ఆఫ్' లాంటి ఆల్బమ్ కోసం వెతకడం. అలా వెతికితే ఆయన దొరకడు. ఆయన గాయకుడు కాదు, సొంత బ్యాండ్ పేరుతో దేశాలు ఏలినవాడూ కాదు. ఆయన మిగిల్చింది ఎక్కువగా వేరేవాళ్ల గొంతుల్లో ఉంది. మన దగ్గర కూడా పాత పాట వినగానే ముందు ఘంటసాల గుర్తొస్తారు, బాణీ పెండ్యాలదా సాలూరి వారిదా అన్నది ఒక క్షణం ఆలోచించాకే తడుతుంది. పదియాకి ఇది ఇంకా ఎక్కువ జరిగింది. ఆయన పాటలు నాలుగు భాషల్లో, నాలుగు దేశాల్లో, ఎవరికి వాళ్లు తమ సొంతం అనుకునేలా తిరిగాయి. అందుకని నేను చెప్పే పద్ధతి ఇది: మనిషిని వదిలేసి నాలుగు పాటలు పట్టుకోండి. ఒక్కో పాటని గ్రామఫోన్ గొట్టం కాలం నుంచి ఎల్పీ కాలం దాకా వెంబడించండి. అప్పుడు పదియా తనంతట తానే కనిపిస్తాడు.

మనిషి గురించి క్లుప్తంగా: 1889 మే 23న దక్షిణ స్పెయిన్‌లో, అల్మెరియా అనే ఓడరేవు ఊళ్లో పుట్టాడు. మాడ్రిడ్‌లో సంగీతం చదివాడు. స్పెయిన్, అర్జెంటీనా, ఇటలీ, ఫ్రాన్స్ తిరిగాడు. 1960 అక్టోబర్ 25న మాడ్రిడ్‌లో పోయాడు. అల్మెరియాలో మునిసిపల్ ఆడిటోరియానికి ఆయన పేరే పెట్టుకున్నారు. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో వెతికేటప్పుడు డబుల్ ఎల్ వేయాలి, పలకడం మాత్రం 'యా'. కింద రాకెల్ మెయేర్ అని రాశాను, ఆమె పేరులోనూ అదే లెక్క.

ఇక 'లా వియోలెతేరా'. మాటలు ఎడ్వర్దో మోంతెసీనోస్‌వి. ఆ రోజుల్లో స్పెయిన్ వెరైటీ థియేటర్లలో 'కుప్లే' అనే పాటలు నడిచేవి. ఒక ఆడమనిషి స్టేజీ మీద ఒంటరిగా నిలబడి, మూడు నిమిషాల్లో ఒక పాత్ర వేసి, ఒక చిన్న కథ చెప్పి వెళ్లిపోతుంది. ఈ పాటలో ఆమె మాడ్రిడ్ వీధిలో పూలమ్మాయి. వసంతం రాకని ముందే చెప్పే వానకోయిలల్లా ఈ పిల్లలు మాడ్రిడ్‌లో కనిపిస్తారని మొదలవుతుంది. తర్వాత అసలు అమ్మకం: అయ్యా, ఈ చిన్న గుత్తి కొనండి, ఒక్క 'రియాల్' నాణెం మాత్రమే, కోటు గుండీ కన్నంలో పెట్టుకోండి అని. పాట మొత్తానికి ప్రాణం ఈ బతిమాలడంలో ఉంది. బాణీ అక్కడ కాస్త పైకి లేచి, అడిగి, మళ్లీ కిందికి జారుతుంది. దొర ఇంకా ఆగలేదు, అందుకని మళ్లీ అడుగుతుంది. మీరు సిటీ లైట్స్‌లో విన్నది ఈ ముక్కే.

దీన్ని లోకానికి అంటించింది రాకెల్ మెయేర్. 1888లో అరగాన్ ప్రాంతంలోని తారసోనాలో పుట్టింది, 1962లో బార్సిలోనాలో పోయింది. ఆమెది పెద్ద గొంతు కాదు, నటి గొంతు. పాడుతూ ప్రేక్షకుల మీదికి వయొలెట్ పూలు విసిరేది. పారిస్‌ని గెలిచి, 1926లో అమెరికా వెళ్తే అదే ఏడాది ఏప్రిల్ 26 నాటి టైమ్ పత్రిక అట్ట మీద ఆమె బొమ్మే వచ్చింది. ఆమె రికార్డులు ఓడియన్ లేబుల్ మీద ఉంటాయి. ఓడియన్ అంటే పాత పద్యాల ప్లేట్లు చూసినవాళ్లకి తెలిసిన పేరే, తెలుగు రికార్డులు కూడా వేసిన కంపెనీ అది. స్పెయిన్‌లో రెండో పెద్ద లేబుల్ 'లా వోస్ దె సు ఆమో'. పేరు కొత్తగా ఉన్నా బొమ్మ చూస్తే నవ్వొస్తుంది: మన హెచ్ఎంవీ కుక్కే, అదే గొట్టం ముందు అలాగే కూర్చుని ఉంటుంది.

మెయేర్ ఈ పాటని ఒకటికంటే ఎక్కువసార్లు రికార్డు చేసింది. అన్నీ ఒకటే అని వదిలేయకండి. తేడా ఎక్కడుందో తెలియాలంటే రికార్డింగ్ ఎలా జరిగేదో కొంచెం తెలియాలి. 1925కి ముందు మైకు లేదు. ఒక పెద్ద గొట్టంలోకి పాడాలి. ఆ శబ్దం తోసిన తోపుకే సూది కదిలి మైనం మీద గాడి పడాలి. అలా పాడటం అంటే తలుపు సందులోంచి ఎదురింటివాళ్లని పిలిచినట్టు: సన్నని మాట వెళ్లదు, అరిస్తే పగులుతుంది. సుమారు 200 హెర్ట్జ్ కింద ఉన్నది, 2000 హెర్ట్జ్ పైన ఉన్నది చాలావరకు పోయేది. పెద్ద బేస్ వయొలిన్ బదులు ట్యూబా ఊదించేవాళ్లు. వయొలిన్లకి కూడా చెక్క పెట్టె తీసేసి లోహపు గొట్టం బిగించిన రకం వాడేవాళ్లు. అందుకే ఆ పాత ప్లేట్లలో మెయేర్ వెనక ఆర్కెస్ట్రా ఒక చిన్న పెట్టెలోంచి వస్తున్నట్టు పలచగా ఉంటుంది. ఆమె గొంతు మాత్రం ముందుకొచ్చి నిలబడుతుంది. నాకు ఆ లోటే బాగుంటుంది. పూలమ్మాయి మీద తప్ప చెవి ఇంకెక్కడికీ పోదు. మైకు వచ్చాక ఆమె చేసిన రికార్డుల్లో ఊపిరి వినిపిస్తుంది, బతిమాలేచోట గొంతు తగ్గించే వెసులుబాటు దొరికింది. రెండూ వెంటవెంటనే వినండి. ఈ ఒక్క పని చేస్తే నేను రాసిన మిగతా అంతా చదవకపోయినా పరవాలేదు.

వేగం సంగతి మర్చిపోవద్దు. 78 ఆర్పీఎం అంటాం గానీ గొట్టం కాలపు ప్లేట్లు 70ల మొదట్నుంచి 80 పైదాకా రకరకాల వేగాల్లో కోశారు. 74లో కోసిన ప్లేటుని 78లో తిప్పితే శ్రుతి దాదాపు అర మెట్టు పైకి పోతుంది, గొంతు పిల్ల గొంతులా వణుకుతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో డిజిటల్ చేసి పెట్టిన మెయేర్ పాట కీచుమంటుంటే ఆమెని తప్పు పట్టకండి, టర్న్‌టేబుల్ తిప్పినాయన్ని పట్టండి. ప్లేయర్‌లో వేగాన్ని ఐదు శాతం తగ్గించి చూస్తే ఒక్కోసారి మనిషి ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఇప్పుడు సిటీ లైట్స్. ఆ సినిమా 1931 జనవరి 30న లాస్ ఏంజిలిస్‌లో మొదటిసారి ఆడింది. అప్పటికి మాటల సినిమాలు వచ్చేసి మూడేళ్లు దాటింది. చాప్లిన్ మాటలు వద్దన్నాడు గానీ సంగీతాన్ని మాత్రం ఫిల్ము మీదే రికార్డు చేయించాడు. ఆర్థర్ జాన్‌స్టన్ వాద్యాలకి రాసిపెట్టాడు, ఆల్‌ఫ్రెడ్ న్యూమన్ ఆర్కెస్ట్రా నడిపాడు. రికార్డుల గురించి మాట్లాడేటప్పుడు జనం ఈ సినిమాని లెక్కలో వేసుకోరు. నా లెక్కలో పదియా బాణీకి దొరికిన అతి పెద్ద రికార్డింగ్ ఇదే. ప్లేటు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఇక్కడ అదే బాణీ సినిమా పొడుగునా వచ్చి పోతుంటుంది. మాటలు తీసేశారు కాబట్టి అమ్మకం పోయింది, బతిమాలడం మాత్రం మిగిలింది. కారు తలుపు చప్పుడు విని ఆ పిల్ల ఇతణ్ణి డబ్బున్న దొర అనుకునే సీన్ మళ్లీ చూడండి. 'గుత్తి కొనండి దొరా' అనే పాటని ఆ చోట పెట్టడం యాదృచ్ఛికం కాదు. పాట తెలిసిన స్పెయిన్, ఫ్రాన్స్ ప్రేక్షకులకి మాటలు లేకుండానే మాటలు వినిపించి ఉంటాయి. 1926 పర్యటనలో మెయేర్‌ని చూసి చాప్లిన్ ముగ్ధుడయ్యాడు. బాణీ ఆయన చెవిలో ఎలా పడిందో ఇంక వేరే చెప్పక్కర్లేదు.

వాడుకోవడం కళాత్మకంగా గొప్ప పని, పేరు వేయకపోవడం తప్పు. రెండూ ఒకేసారి నిజం. కోర్టు పదియా వైపు తీర్పిచ్చింది. 1989లో కార్ల్ డేవిస్ ఈ సినిమా సంగీతాన్ని లైవ్ ఆర్కెస్ట్రాతో వాయించడానికి మళ్లీ సిద్ధం చేసి రికార్డు కూడా చేశాడు. 1931 ఫిల్ము సౌండ్ మీ చెవికి ఇబ్బందిగా ఉంటే అది వినండి. వయొలిన్ నేర్చుకునే పిల్లకి కూడా అదే సుఖం, స్వరాలు విడివిడిగా తెలుస్తాయి.

'ఎల్ రెలికారియో' కూడా 1914 నాటిదే. మాటలు అర్మాందో ఒలివేరోస్, హోసే మరియా కాస్తెల్వీ రాశారు. ఇది పాసో దోబ్లే, అంటే ఎద్దుల పోట్ల మైదానంలోకి నడిచొచ్చే నడక మీద కట్టిన పాట. కథ చెబుతాను, లేకపోతే రికార్డు విన్నా సగమే అందుతుంది. ఒక ఎద్దుల వీరుడు దారిలో ఒక అమ్మాయిని చూసి తన అంగవస్త్రాన్ని ఆమె కాళ్ల కింద పరుస్తాడు. తొక్కు, నువ్వు అడుగు పెట్టిన ముక్క కత్తిరించి తాయెత్తులో పెట్టుకుంటా అంటాడు. చివరి చరణంలో ఎద్దుతో పోరులో అతను గాయపడతాడు. పడిపోతూ రొమ్ములోంచి ఆ తాయెత్తు తీస్తాడు. ఆమెకి అప్పుడు తెలుస్తుంది, అన్న మాట నిలబెట్టుకున్నాడని. తమాషా ఏమిటంటే, సరసానికీ చావుకీ పల్లవి ఒక్కటే. స్వరం ఒకటి మారదు. గాయని గొప్పదా కాదా అనేది రెండోసారి పల్లవి ఎలా పాడిందన్నదాన్ని బట్టి తేల్చొచ్చు. మెయేర్ రికార్డులో ఆ చివరిసారి వినండి, నడక వేగం అదే, గొంతులో మాత్రం మనిషి మారిపోయింది.

ఈ పాటని పాట లేకుండా వాయించిన బ్యాండ్ రికార్డులు కుప్పలుగా ఉన్నాయి. మిలిటరీ బ్యాండ్లు, డాన్స్ బ్యాండ్లు, పియానో రోల్స్. చావు చరణం ఎగిరిపోయి కవాతు మిగులుతుంది. సరదాగా ఒకటో రెండో వినొచ్చు గానీ వాటి వెంట పడకండి.

మూడోది 'వాలెన్సియా'. పదియాకి డబ్బు, ప్రపంచం తెచ్చింది ఇదే. 1924లో 'లా బియెన్ అమాదా' అనే సర్సువేలా కోసం, అంటే స్పెయిన్ వారి సంగీత నాటకం కోసం కట్టాడు. మాటలు హోసే ఆంద్రెస్ దె లా ప్రాదావి. ఊరి పేరునే మూడు గట్టి స్వరాల్లో పిలుస్తూ మొదలవుతుంది. భాష ఏదైనా ఆ పిలుపు మార్చక్కర్లేదు, అందుకే ఎక్కడికైనా పోయింది. పారిస్‌లో అక్కడి స్టేజీ తార మిస్తాంగెత్ దీన్ని ఫ్రెంచ్‌లో పాడింది. ఇంగ్లిష్ మాటలు క్లిఫర్డ్ గ్రే రాశాడు. 1926లో పాల్ వైట్‌మన్ ఆర్కెస్ట్రా విక్టర్ కంపెనీకి చేసిన రికార్డు అమెరికా అంతా మోగింది, అందులో పాడింది ఫ్రాంక్లిన్ బాయర్. అదే ఏడాది ఇంకా ఎన్నో బ్యాండ్లు ఎగబడి చేశాయి.

కాలం కలిసొచ్చింది కూడా. 1925లో మైకుతో ఎలక్ట్రికల్ రికార్డింగ్ వచ్చింది. వినిపించే పరిధి సుమారు 100 నుంచి 5000 హెర్ట్జ్‌కి పెరిగింది. బేస్ అందుబాటులోకి వచ్చింది, తాళాలు మెరుస్తాయి. కొత్త మెషీన్ కొన్నవాళ్లకి దాన్ని పదిమందికీ చూపించుకునే పాట కావాలి. ఇత్తడి వాద్యాలతో దూకుతూ వచ్చే 'వాలెన్సియా' కంటే తగినది ఏముంటుంది? పాట బాగుంది నిజమే, కానీ ఐదేళ్లు ముందు వచ్చుంటే ఇంత మోత మోగేది కాదని నా అభిప్రాయం.

ఒక జాగ్రత్త. వైట్‌మన్ రికార్డు 'పదకొండు వారాలు నంబర్ వన్' అని చాలాచోట్ల కనిపిస్తుంది. 1926లో రికార్డు అమ్మకాల వారపు చార్టు అనేదే లేదు. బిల్‌బోర్డ్ అలాంటిది మొదలుపెట్టింది 1940లో. ఆ అంకె దశాబ్దాల తర్వాత ఎవరో పాత కాగితాలు కూర్చి కట్టిన అంచనా. పెద్ద హిట్ అనడంలో సందేహం లేదు, వారాల లెక్క మాత్రం నమ్మకండి. తర్వాత 1950లో టోనీ మార్టిన్ ఇదే పాటని మళ్లీ పాడాడు. దాన్ని వినడం వల్ల నష్టం లేదు, లాభం కూడా పెద్దగా లేదు.

పారిస్‌వాళ్ల కోసం 1926లో కట్టిన 'సా సే పారీ' కూడా పదియాదే. మాటలు లూసియెన్ బోయే, జాక్ షార్ల్‌వి. మిస్తాంగెత్ మూలా రూజ్ స్టేజీ మీద పాడింది. పారిస్ అంటే ఇదీ అని పారిస్‌వాళ్లు ఈనాటికీ వాయించుకునే పాట కట్టింది అల్మెరియా కుర్రాడు! మిస్తాంగెత్ సొంత రికార్డు వెతికి వినండి. స్వరం మీద నిలబడదు, పాటని సగం మాట్లాడేస్తుంది, అయినా ఒక్క క్షణం కూడా వదిలి పోబుద్ధి కాదు.

తర్వాత ముప్ఫై ఏళ్లలో కుప్లే పాతబడిపోయింది. మళ్లీ లేపింది స్పెయిన్ సినిమా నటి సారా మోంతియెల్. 1957లో హువాన్ దె ఒర్దూన్యా తీసిన 'ఎల్ ఉల్తిమో కుప్లే' తక్కువ ఖర్చు సినిమా, ఎవరికీ ఆశల్లేవు. మాడ్రిడ్ రియాల్తో థియేటర్‌లో నెలల తరబడి ఆడింది. పాటలకి వేరే గాయనిని పెడదామనుకుని, డబ్బుల్లేక ఆమెతోనే పాడించారని చెబుతారు. ఆ గొంతు మెయేర్‌కి పూర్తిగా ఎదురు: కిందిస్థాయి, కొంచెం బొంగురు, మైకుకి దగ్గరగా పెట్టుకుని పాడే పద్ధతి. ఆమె పాడిన 'ఎల్ రెలికారియో' ఈ సినిమాలోనే ఉంది. మరుసటి ఏడాది, 1958లో, 'లా వియోలెతేరా' పేరుతోనే సినిమా వచ్చింది. ఈ రెంటి పాటలు ఎల్పీలుగా వెళ్లి స్పెయిన్‌లోనూ లాటిన్ అమెరికాలోనూ ఇంటింటా చేరాయి. ఇవాళ స్పెయిన్‌లో అమ్మమ్మలు పాడేది మెయేర్ పద్ధతి కాదు, మోంతియెల్ పద్ధతి. కుప్లే మీద పట్టున్నవాళ్లలో కొందరికి ఈమె అంటే చిరాకు, నీళ్లు కలిపిందంటారు. నేను ఒప్పుకోను. గొట్టం ముందు పుట్టిన పాట మైకు ముందు ఎలా బతకాలో ఆమె చూపించింది. అయితే 'ఎల్ రెలికారియో' చివరి పల్లవిలో మాత్రం మెయేర్‌దే పైచేయి, అక్కడ వాదన లేదు.

పదియా పాత పాటల మీద వచ్చే డబ్బులతో కూర్చోలేదు. 1950లో స్టేజీ తార సేలియా గామెస్ కోసం 'లా హెచిసేరా ఎన్ పలాసియో' అనే ఆపరెట్టా, అంటే తేలికపాటి సంగీత నాటకం, కట్టాడు. అందులోని 'ఎస్తుదియాంతీనా పోర్తుగేసా' ఇప్పటికీ స్పెయిన్ కాలేజీ కుర్రాళ్ల 'తూనా' బృందాలు నల్ల అంగీలేసుకుని గిటార్ల మీద పాడతాయి. గామెస్ రికార్డుతో మొదలుపెట్టి ఏదైనా తూనా రికార్డు వింటే, అరవై ఏళ్లు దాటిన మనిషి ఎంత హుషారుగా బాణీ కట్టాడో తెలుస్తుంది. ఇక 'ప్రిన్సెసీతా' అనే చిన్న పాట ఒకటుంది, అది ఒపెరా గాయకుల సొత్తు. తీతో స్కీపా పాడింది వినండి, తర్వాతివాళ్లది వినకపోయినా ఫర్వాలేదు. ఫ్రాన్స్ గాయని దలీదా 1956లో 'లా వియోలెతేరా' పాడింది, గొంతు కోసం వినొచ్చు.

వెతుకుడులో తగిలే గుంటలు చెబుతాను. స్ట్రీమింగ్ యాప్‌లో హోసే పదియా అని కొడితే మీకు ముందుగా వచ్చేది ఇబీసా బీచ్ సంగీతం. అది 'కఫే దెల్ మార్' డీజే హోసే పదియా, 1955లో పుట్టి 2020లో పోయిన వేరే మనిషి. యాప్‌లు ఇద్దర్నీ ఒకే పేజీలో కలిపేస్తాయి, 1914 పాట పక్కన ఎలక్ట్రానిక్ లయ కనిపిస్తే కంగారుపడకండి. 'వాలెన్సియా' పేరుతో మెక్సికో సంగీతకారుడు అగుస్తీన్ లారా కట్టిన వేరే పాట ఉంది, పెద్ద టెనర్లు పాడేది తరచూ అదే. 'గ్రనాదా' కట్టినాయన ఆయనే. వాలెన్సియా ప్రాంతపు అధికార గీతం ఇంకొకటి, అది హోసే సెరానోది. మూడు గట్టి స్వరాల పిలుపుతో మొదలవకపోతే అది మన పాట కాదని వదిలేయండి. యాప్‌లో చూపించే సంవత్సరం కూడా నమ్మొద్దు. 1926 ప్లేటుని 2011లో ఎక్కించి 2011 అని రాస్తారు. గరగర తీసేస్తామని గొంతు అంచులు కూడా గీకేసిన కాపీలు చాలా ఉన్నాయి. గరగర ఉన్నదే ఎంచుకోండి, రెండు నిమిషాల్లో చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది.

నేను వాడే చోట్లు మూడు. స్పెయిన్ జాతీయ గ్రంథాలయం తన డిజిటల్ విభాగంలో పాత ప్లేట్లు వేలల్లో పెట్టింది. అక్కడ వాటిని 'discos de pizarra', అంటే పలక డిస్కులు అంటారు, ఆ స్పానిష్ పదంతో వెతకాలి. నిజానికి అవి లక్కతో చేసినవి, ఆ లక్క ప్రపంచానికి ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే. రెండోది కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాంటా బార్బరా వాళ్లు నడిపే అమెరికన్ పాత రికార్డింగుల జాబితా. సంగీతకర్త పేరు మీద వెతికితే విక్టర్, కొలంబియా వంటి కంపెనీలు ఏ రోజున, ఎన్ని టేకులు చేశాయో మేట్రిక్స్ నంబర్‌తో, అంటే కంపెనీ ఆ రికార్డింగ్‌కి ఇచ్చిన గుర్తు అంకెతో సహా వస్తుంది. యాప్‌లో వచ్చిన సంవత్సరం సరిచూసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మూడోది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి నేషనల్ జ్యూక్‌బాక్స్, గొట్టం కాలం విక్టర్ ప్లేట్లు నేరుగా వినొచ్చు. అసలు ప్లేట్లు కొనాలనుకుంటే మాత్రం ఆగండి. లక్క ప్లేటు పోస్టులో చిన్న దెబ్బకే చిట్లుతుంది, వచ్చాక వినడానికి తగిన సూది, దాన్నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని పెంచే ప్రీయాంప్ కావాలి. ముందు విని ప్రేమలో పడండి, ఖర్చు ఎలాగూ తర్వాత తనే వస్తుంది.

ఇప్పుడు మీ అమ్మాయి వీడియో. రెండు హక్కులు వేరువేరుగా చూడాలి: బాణీ మీద హక్కు, రికార్డింగ్ మీద హక్కు. మీ అమ్మాయి తనే వాయిస్తుంది కాబట్టి రికార్డింగ్ హక్కు ఆమెదే, ఎవరి ప్లేటు ముక్కా వెనక కలపకపోతే చాలు. బాణీ విషయానికొస్తే, మన చట్టంలో సంగీతకర్త పోయాక 60 ఏళ్లు. పదియా 1960లో పోయాడు, అంటే 2020 ఆఖరుతో ఇండియాలో గడువు తీరింది. అమెరికాలో 1914 నాటి పాట ఎప్పుడో పబ్లిక్ డొమైన్. స్పెయిన్‌లో మాత్రం 1987 డిసెంబర్ 7కి ముందు పోయినవాళ్లకి 80 ఏళ్ల లెక్క, కాబట్టి అక్కడ 2040 ఆఖరు దాకా హక్కు నడుస్తుంది. యూట్యూబ్ వీడియో అన్ని దేశాల్లోనూ కనిపిస్తుంది కాబట్టి స్పెయిన్ వైపు నుంచి క్లెయిమ్ రావచ్చు. వస్తే టెన్షన్ పడకండి. క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్ వస్తే సాధారణంగా యాడ్ డబ్బులు హక్కుదారుకి పోతాయి, వీడియో ఉంటుంది, ఛానెల్‌కి మచ్చ పడదు.

ఒక్కటి మాత్రం చేయొద్దు: సిటీ లైట్స్ సీన్ మీద ఆమె వయొలిన్ అతికించడం. ఆ సినిమా హక్కుల కథ వేరు, అక్కడ స్ట్రైక్ కూడా రావచ్చు. డిస్క్రిప్షన్‌లో 'చాప్లిన్ సంగీతం' అని రాయకండి. 'లా వియోలెతేరా, 1914, హోసే పదియా' అని రాయండి. వాయించేటప్పుడు గుత్తి కొనమని అడిగేచోట విల్లు బలం కొంచెం తగ్గించమనండి, అక్కడ తొందరపడితే పాట పాడైపోతుంది. లింకు ఇక్కడ పెడితే విని చెబుతాను.